ఎవరూ పడుకోని దుప్పట్లు

ఆ రైలుపెట్టె పేరు రాజశయనం. పేరు పెట్టింది దుప్పట్లమ్మ మరిది. పేరొక్కటే కాదు, దాని మెరూన్ రంగు, కర్టెన్ల కుచ్చులు, అద్దాల చుట్టూ వెలిగే బుల్లి దీపాలు, అన్నీ అతని బుర్రలో పుట్టినవే. మామూలు ప్యాసింజరు బండికి ఎనిమిది గదుల పెట్టె ఒకటి తగిలిస్తే చాలు, డబ్బున్నవాళ్లు విమానాలు మానుకుని ఎగబడి ఎక్కేస్తారని రెండేళ్లు ఫైళ్లు మోసి పైవాళ్లని ఒప్పించాడు. ఒక్కో గదిలో రెండు మెత్తటి మంచాలు, స్నానానికి వేడినీళ్లు, పిలిస్తే మోగే గంట. బండి మాత్రం పాతదే. ప్రతి చిన్న స్టేషన్లోనూ ఆగి ఆయాసం తీర్చుకునేది. సాయంత్రం బయల్దేరి అర్ధరాత్రికి చివరి ఊరు చేరి, అక్కణ్ణించి వెంటనే వెనుదిరిగి తెల్లారేసరికి వచ్చేసేది. వేడినీళ్లతో స్నానం చేయించినంత మాత్రాన బండి తొందరగా చేరుతుందా?

దుప్పట్లమ్మ అసలు పేరు యార్డులో ఎవరికీ గుర్తులేదు. పద్నాలుగేళ్లుగా సాయంత్రం బండి బయల్దేరేముందు స్లీపరు పెట్టెల దగ్గర నిలబడి ఎక్కేవాళ్లకి దుప్పటి, దిండు అందించడం, పొద్దున్నే వచ్చిన బండిలో మాసినవి పోగేసి మూటలు కట్టి లాండ్రీకి పంపడం ఆమె పని. ఆ పేరు అలా అతుక్కుపోయింది. రాజశయనం రాగానే మరిది ఆమెని దానికి మార్పించాడు. "మన ఇంటి మనిషి ఉంటే నాకు ధైర్యం వదినా" అన్నాడు. ఆ పెట్టె గిట్టుబాటవుతుందా లేదా అని మూడు నెలలు చూస్తారు. గిట్టుబాటయితే అతను ప్లానింగు సెక్షన్లో చిన్న ఆఫీసరు కుర్చీ నుంచి పెద్ద కుర్చీలోకి మారతాడు.

మరిది ధైర్యం సంగతి అటుంచితే, దుప్పట్లమ్మకి వేరే బాధ ఉంది. ప్లాట్‌ఫారం పొడుగు ఎంతో అంతే. కొత్త పెట్టె ఒకటి తగిలించాలంటే పాతది ఒకటి విప్పాలి. బండికున్న రెండు స్లీపరు పెట్టెల్లో ఒకటి విప్పేశారు. ఆమె కూతురు బండి చివరి ఊళ్లో కట్టుడుపళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ప్రతి శనివారం పొద్దున్న ఆ స్లీపర్లో హాయిగా పడుకుని వచ్చేది, ఆదివారం సాయంత్రం వెళ్లేది. వారంలో ఆ రెండు రోజులే దుప్పట్లమ్మకి ఇల్లు ఇల్లులా ఉండేది. పెట్టె విప్పేశాక బెర్తు దొరకడం గగనమైపోయింది. ఇప్పుడు నెలకోసారి వస్తోంది. అదీ రాత్రంతా తలుపు దగ్గర బ్యాగు మీద కూర్చుని.

రాజశయనం తలుపు దగ్గర దుప్పట్లమ్మ ప్రతి సాయంత్రం ఒక పళ్లెం పట్టుకుని నిలబడాలి. పళ్లెంలో సువాసన నీళ్లతో తడిపిన చిన్న తువ్వాళ్లు. నెత్తిన బంగారు అంచు టోపీ. ఆ టోపీ పెట్టుకుంటే బ్యాండు మేళం నుంచి తప్పిపోయి వచ్చినట్టున్నావని ఆమె మొగుడు, రిపేరు షెడ్డులో ఫిట్టరు, మొదటిరోజే పడీ పడీ నవ్వాడు. తువ్వాళ్లు ఆమె చేతిలోనే ఆరిపోయేవి. పక్క పెట్టెలో కిటికీల్లోంచి సామాన్లు తోసేవాళ్లు, పిల్లల్ని తోసేవాళ్లు, ఆఖరికి తమని తాము తోసుకునేవాళ్లు.

"ఏం దుప్పట్లమ్మా, రాజుగారింకా వేంచేయలేదా?" అని అరిచేవాడు మెట్టు మీద వేలాడుతున్న ఎవరో ఒకడు.

"స్నానం చేస్తున్నారు. వీపు రుద్దడానికి నువ్వొస్తావా?" అనేది ఆమె, టోపీ సర్దుకుంటూ.

గదులు ఎప్పుడు చూసినా ఫొటోలో ఉన్నట్టే ఉండాలని మరిది ఆర్డరు. అందుకని బండి కదలకముందే పదహారు మంచాల మీదా రెండేసి దుప్పట్లు పరిచి, పై దుప్పటి కొసని పువ్వులా మడిచి పెట్టేది. పొద్దున వచ్చి చూస్తే పువ్వు పువ్వులాగే ఉండేది. ఒక్క ముడత కూడా ఉండేది కాదు. దాన్ని చేత్తో నలిపి, లాగి, మూటలో పడేసేది. ఎందుకంటే పక్క మీద ఒకసారి పరిచిన దుప్పటి ఎవరు పడుకున్నా పడుకోకపోయినా ఉతుక్కి పోవాలి. పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దామె ఆమెకి నేర్పిన మొదటి పద్ధతి అది. ఎవరు చూశారు, ఎవరైనా కాసేపు కూర్చుని ఉండొచ్చు, బూటు కాలు పెట్టి ఉండొచ్చు. ఆ పద్ధతి ఆమె పద్నాలుగేళ్లలో ఒక్కరోజూ తప్పలేదు. మూట మీద చీటీ రాసేది: దుప్పట్లు ముప్పై రెండు. సంతకం పెట్టేది. ఆ చీటీ ఎక్కడికి పోతుందో ఆమెకేం తెలుసు?

తెలిసింది ఒక శనివారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు. కూతురు పొద్దున్నే వచ్చి, వాచిన కాళ్లని దిండు మీద పెట్టుకుని లోపలి గదిలో పడి నిద్రపోతోంది. నెల రోజుల తర్వాత వచ్చిన పిల్లతో దుప్పట్లమ్మ ఇంకా నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. అప్పుడు మరిది మిఠాయి పొట్లం పట్టుకుని గుమ్మంలోంచే కేకేశాడు.

"నూటికి నూరు వదినా! ఒక్క రోజు కూడా తగ్గలేదు!"

"మెల్లగా మాట్లాడవయ్యా, పిల్ల పడుకుంది. ఏం తగ్గలేదు?"

"రాజశయనం! మూడు నెలలూ ఫుల్లు!"

ఫుల్లు అన్న మాట వినగానే ఫిట్టరుకి పొలమారింది. నెత్తి మీద తట్టుకుని, నీళ్లు తాగి, "ఏ బండికిరా? మన బండికేనా?" అన్నాడు.

"నవ్వు అన్నయ్యా, నవ్వు. ఇది నోటిమాట కాదు, రిపోర్టు."

"టికెట్లు చూసే చెబుతున్నావా?" అంది దుప్పట్లమ్మ.

మరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన తెలివితేటలు వివరించే అవకాశం వస్తే అతనికి ఆకలి వేయదు. "టికెట్ల వల్ల కాదు వదినా. కౌంటర్లో కొన్ని అమ్ముతారు, ఫోన్లో కొన్ని, ఏజెంట్ల దగ్గర కొన్ని, పాసుల మీద కొన్ని. నాలుగు లిస్టులు. నాలుగూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. పైవాళ్లు తల పట్టుకున్నారు. అప్పుడు నేనన్నాను, మనిషన్నాక పడుకుంటాడు, పడుకుంటే దుప్పటి మాస్తుంది, మాస్తే లాండ్రీకి వస్తుంది. లాండ్రీ చీటీలు తెప్పించండి, అన్నీ తేలిపోతాయి అన్నాను. పెద్దాఫీసరు కుర్చీలోంచి లేచి నాకు చెయ్యి కలిపాడు. లేచి!"

దుప్పట్లమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ చీటీలు నేను రాసినవి."

"అదే కదా! మన ఇంటి చీటీలే మన ఇంటిని నిలబెట్టాయి."

"అవి మాసిన దుప్పట్లు కావు మరిదీ."

"మరి?"

"పరిచిన దుప్పట్లు. వాటి మీద ఎవరూ పడుకోలేదు."

"పడుకోకపోతే ఎందుకు ఉతికించావు?"

"పరిచాను కాబట్టి."

"ఎవరూ రానప్పుడు ఎందుకు పరిచావు?"

"నువ్వు పరచమన్నావు కాబట్టి."

మరిది ముందు వదిన వంక, తర్వాత అన్న వంక, ఆ తర్వాత మిఠాయి పొట్లం వంక చూశాడు. అతని పక్కన నిలబడ్డ తోడికోడలు మాత్రం వెంటనే అందుకుంది. "అక్కా, ఇప్పుడివన్నీ దేనికి? ఆఫీసర్ల క్వార్టర్సు కిటికీల కొలతలు తీసుకుని కర్టెన్లు కూడా కుట్టించేశాను. అవి ఈ ఇంటి కిటికీలకి పట్టవు."

"పట్టకపోతే లుంగీలు కుట్టించుకుంటాంలే" అన్నాడు ఫిట్టరు.

మరిది తేరుకున్నాడు. "వదినా, నీకు నిజంగా తెలుసా? రాత్రంతా నువ్వు బండిలో ఉన్నావా? దారిలో ఎవరైనా ఎక్కి, పడుకుని, తెల్లారకముందే దిగిపోయి ఉండొచ్చు కదా?"

"పువ్వు నలగకుండానా?"

"అలవాటైనవాళ్లు అలాగే పడుకుంటారు. పెద్దింటివాళ్లు మనలా దొర్లరు." ఆ మాట అన్నాక అతనికే నమ్మకం కుదిరినట్టుంది, గొంతు పెరిగింది. "అయినా ఇప్పుడు ఆలోచించి లాభం లేదు. గురువారం మీటింగు. ఒకటో తారీఖు నుంచి ఆ మిగిలిన స్లీపరు కూడా విప్పేసి రెండో రాజశయనం తగిలిస్తున్నారు."

"మరి నేనెక్కడ పడుకోవాలి బాబాయ్?"

అందరూ తిరిగి చూశారు. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చెంప మీద దిండు గీతలు, కళ్లు ఎర్రగా.

"చిన్నపిల్లవి, నీకేంటమ్మా, కూర్చుని రావచ్చు."

"కూర్చునేగా వచ్చాను. చూడు కాళ్లు, నీ పెట్టె దిండ్లలా ఉన్నాయి."

"అయితే రాజశయనంలోనే రా. స్టాఫు బంధువులకి తగ్గింపు ఇప్పిస్తాను."

"ఒక్క రాత్రి పడుకోవడానికి నా జీతమంతా ఇచ్చేసి, మిగతా నెలంతా నీ కొత్త క్వార్టర్సులో పడుకోనా? పిన్నీ, నాకో కర్టెను ఇస్తావా కప్పుకోడానికి?"

తోడికోడలు మొహం తిప్పుకుంది. కూతురు తల్లి పక్కకి వచ్చి, ఆమె భుజం మీద గడ్డం ఆనించి, మామూలుగా చెప్పింది. "ఆ పెట్టె కూడా తీసేస్తే నేనింక రాలేనమ్మా. ఒళ్లు తట్టుకోవట్లేదు. ఫోన్లో చూసుకుందాంలే."

ఏడ్చి చెప్పి ఉంటే దుప్పట్లమ్మ ఓదార్చేది. అలా తేలిగ్గా చెప్పేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. పిల్ల కంచం ముందు కూర్చుని, నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కోకుండానే గోడకానుకుని మళ్లీ నిద్రపోయింది.

సోమవారం పొద్దున మరిది ఆఫీసుకి వెళ్తుంటే ఆమె వీధి గుమ్మం దాకా వెంట వెళ్లింది. "నువ్వే చెప్పెయ్యవయ్యా, పొరపాటైందని. నీ నోటితో చెబితే మర్యాదగా ఉంటుంది."

"గురువారం దాకా నోరు విప్పకు వదినా. నీ కాళ్లు పట్టుకుంటాను." నిజంగానే వంగబోయాడు. కానీ ఇస్త్రీ చేసిన ప్యాంటు, సగంలో ఆగాడు.

ఆమె నోరు విప్పలేదు. దుప్పట్లు కూడా విప్పలేదు. ఆ సాయంత్రం పెట్టెలోని దుప్పట్ల బీరువాలో మడతలు మడతల్లాగే ఉంచి తాళం వేసింది. ఎవరైనా ఎక్కితే అప్పుడు పరుద్దాం అనుకుంది. ఎవరూ ఎక్కలేదు. పరచనిది ఉతికించాల్సిన పని లేదు కనక ఆమె పద్ధతీ తప్పలేదు. మర్నాడు పొద్దున్న ఖాళీ చేతులతో లాండ్రీకి వెళ్లి చీటీ ఇచ్చింది.

లాండ్రీ సూపర్‌వైజరు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "సున్నానా? ఏంటమ్మా ఇది? ఆ గడిలో సున్నా పడితే పైనుంచి నాకు ఫోనొస్తుంది. పోనీ ఒక రెండు రాయకూడదూ?"

"ఎవరు పడుకున్నారని రాయమంటారు? మీరొచ్చి పడుకుంటారా?"

"పడుకునేవాణ్ణే, మా ఆవిడ ఒప్పుకోదు" అని నిట్టూర్చి సున్నాని గడిలోకి ఎక్కించాడు. బుధవారం సున్నా. గురువారం సున్నా.

గురువారం మీటింగు రాజశయనంలోనే పెట్టారు. పెట్టెని యార్డులో ఒక పక్కకి లాగి, నేల మీద ఎర్ర తివాచీ పరిచారు. కమిటీ ఆరుగురు. గదిలో పట్టేది ఇద్దరు. పెద్దాఫీసరు ఒక మంచం మీద, ఫైలు రెండో మంచం మీద కూర్చున్నారు. మిగతావాళ్లు గదుల ముందు పొడుగ్గా ఉన్న ఇరుకు వరండాలో ఒకరి వెనక ఒకరు, టిక్కెట్ల లైన్లో నిలబడ్డట్టు నిలబడ్డారు. లోపల అన్న మాట మొదటివాడు రెండోవాడికి చెప్పాలి, రెండోవాడు మూడోవాడికి. దుప్పట్లమ్మ టోపీ పెట్టుకుని టీ కప్పుల పళ్లెంతో లైను చివర నిలబడింది.

"అంతా అద్భుతం. కానీ ఈ మూడు రోజులు సున్నా ఎందుకుంది?" అని అడిగాడు పెద్దాఫీసరు.

మరిది మెడ మీద చెమట కాలర్లోకి జారింది. "అంటే, దుప్పట్లు బాగున్నాయని ప్యాసింజర్లు ఇళ్లకి పట్టుకుపోతున్నారండి."

"అంత నచ్చాయా?"

"అంత నచ్చాయండి."

"నచ్చాయట" అన్నాడు వరండాలో మొదటివాడు. "బాగా నచ్చాయట" అన్నాడు రెండోవాడు. దుప్పట్లమ్మ దాకా వచ్చేసరికి జనం దుప్పట్ల కోసం కొట్టుకుంటున్నారని వచ్చింది.

"అయితే ఇకనుంచి ప్రతి దుప్పటి మీదా మన గుర్తు కుట్టించండి. ఊరికే ప్రచారం జరుగుతుంది" అని పెద్దాఫీసరు కలం తీశాడు, రెండో పెట్టె కాగితం మీద సంతకం పెట్టడానికి.

దుప్పట్లమ్మ కమిటీ పొట్టల్ని టీ పళ్లెంతో తోసుకుంటూ ముందుకొచ్చింది. వేడి టీకి ఎవరైనా దారిస్తారు.

"అయ్యా, సంతకం పెట్టేముందు ఒక్కసారి బాత్రూంలో సబ్బు చూస్తారా?"

"సబ్బా?"

"ఈమె మా వదినండి" అన్నాడు మరిది, ఆ మాటతో ఆమెని ఆపగలనేమో అన్నట్టు.

పెద్దాఫీసరు సబ్బు చూశాడు. కాగితం చుట్టి, బంగారు రంగు అంటింపు వేసి, ఫ్యాక్టరీలోంచి వచ్చినది వచ్చినట్టే ఉంది. పక్క గదిలో చూద్దామని లేచాడు. వరండాలో ఒక్క మనిషికే దారి కనక కమిటీ మొత్తం వెనక్కి వెనక్కి నడిచింది. పక్క గదిలోనూ అంతే. ఆ పై గదిలోనూ అంతే. ఎనిమిదో గది దాకా కమిటీ వెనక్కి నడిచి, ఆఖరివాడు తలుపులోంచి తివాచీ మీదకి దిగాల్సి వచ్చింది.

"మొదటి రోజు గదికి రెండేసి పెట్టాను. మూడు నెలల్లో అయిదే మార్చానండి" అంది దుప్పట్లమ్మ.

"ఎంతమంది ఎక్కారు?"

"పదకొండు మంది. నలుగురు ఆఫీసు పాసులవాళ్లు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి. ఎక్కేటప్పుడే పోట్లాడుకుంటున్నారు, మరి దిగేటప్పటికి ఎలా ఉన్నారో తెలీదు. ఒక దీపాల వ్యాపారి. ఒంటరిగా గుబులేసిందని పక్క పెట్టెలోకి పోయి పేకాడుకుంటూ వెళ్లాట్ట, టీసీ చెప్పాడు. మిగతా నలుగురూ తమరి బావమరిదిగారి కుటుంబం."

వరండాలో ఈ మాటని ఎవరూ ఎవరికీ అందించలేదు.

"మరి ఆ చీటీలు?" గొంతు తగ్గించి అడిగాడు పెద్దాఫీసరు.

"పక్క మీద వేసినవన్నీ ఉతుక్కి పోవాలండి, అది మా డిపో పద్ధతి. మాసినవెన్ని అని నన్నెవరూ అడగలేదు. ఎన్ని పంపావన్నారు. రాశాను."

పెద్దాఫీసరు మరిది వంక చూశాడు. దుప్పట్లమ్మ కూడా చూసింది. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. బడికి వెళ్లేముందు దువ్వెన పట్టుకుని ఆమె ముందు నిలబడేవాడు. ఇప్పుడూ అలాగే, తల కొంచెం వంచుకుని నిలబడ్డాడు. ఎంత పని చేశాను, పిల్లాడి నోటి దగ్గర కూడు లాగేశానా అనుకుంది ఆమె.

పిల్లాడు తల ఎత్తాడు. "సరిగ్గా ఈ సంగతి తమరి కళ్లతో చూపించాలనేనండి, మీటింగు ఇక్కడ పెట్టించింది. ఫైల్లో రాస్తే ఎవరు నమ్ముతారు? మా వదినని కూడా నేనే పిలిపించాను."

బావమరిది ప్రసక్తి ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూస్తున్న పెద్దాఫీసరుకి ప్రాణం లేచొచ్చింది. "శభాష్! ఇంత నిజాయితీ ఉన్న ఆఫీసర్లు ఎంతమంది ఉంటారు?" అని మళ్లీ చెయ్యి కలిపాడు. ఈసారి ఎలాగూ నిలబడే ఉన్నాడు.

కమిటీ తీర్మానం అరగంటలో తయారైంది. గిట్టుబాటవుతుందా లేదా అని తెలుసుకోవడం ప్రయోగం ఉద్దేశం, అవదని తెలిసింది, కనక ప్రయోగం సంపూర్ణ విజయం. రాజశయనం విప్పేసి, పాత స్లీపరు తిరిగి తగిలించాలి. ఒకటో తారీఖు నుంచి అలాగే చేశారు. రాజశయనాన్ని యార్డు మూల చెట్ల నీడలో నిలిపారు. దాన్ని తనిఖీ చేయడానికి ఆఫీసర్లు భోజనాలయ్యాక ఒక్కొక్కరే వెళ్లి సాయంత్రం నాలుగింటికి మొహం కడుక్కుని వచ్చేవారు. సబ్బులు చకచకా అరగడం మొదలుపెట్టాయి.

మరిది పెద్ద కుర్చీలోకి మారాడు. కర్టెన్లు క్వార్టర్సు కిటికీలకి అతికినట్టు సరిపోయాయి. కొత్త కుర్చీలో కూర్చుని అతను సంతకం పెట్టిన మొదటి కాగితం దుప్పట్లమ్మకి మెమో: మూడు నెలల పాటు వాడని దుప్పట్లని ఉతికించి నీళ్లు, సబ్బు, మనుషుల శ్రమ వృథా చేసినందుకు వారం లోపల సంజాయిషీ ఇవ్వవలెను.

శనివారం పొద్దున అతనే స్వయంగా మెమో పట్టుకుని అన్నగారింటికి వచ్చాడు.

"కోపం తెచ్చుకోకు వదినా. ఎవరో ఒకరి మీద పడాలి కదా, బయటివాళ్ల మీద పడేకంటే మన ఇంట్లోనే ఉంటే సర్దుకోవచ్చు. రాసింది నేనే, జవాబు కూడా నేనే చెబుతాను. నువ్వు రాసుకుంటే చాలు. చదివి క్షమించేది కూడా నేనే."

"నీ సిగ్గుని ఏ అరలో పెట్టావురా?" అన్నాడు ఫిట్టరు పేపరు వెనకనుంచి.

దుప్పట్లమ్మ కాగితం, కలం తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. మరిది గొంతు సవరించుకున్నాడు. "గౌరవనీయులైన ఆఫీసరుగారికి..."

"గౌరవనీయులా?" గదిలోంచి కూతురు విసురుగా వచ్చింది. బండి దిగి గంటన్నర అయింది. తలస్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, ఒక చేతిలో రొట్టె ముక్క. "ఎవరు గౌరవనీయులు బాబాయ్? పరచమంది నువ్వు, లెక్కపెట్టింది నువ్వు, కుర్చీ ఎక్కింది నువ్వు, సంజాయిషీ మా అమ్మదా?"

"ఆఫీసు పద్ధతులు నీకు తెలీవమ్మా."

"పద్ధతులా? మా ల్యాబులో పైపన్నుకి బదులు కిందిపన్ను కడితే కట్టినవాడే తిట్లు తింటాడు, నోరు కడుక్కోడానికి నీళ్లిచ్చిన ఆయా కాదు. కూర్చో, నీతో చాలా ఉంది" అని కుర్చీ తిప్పి అతనికి ఎదురుగా వేసుకుంది. మరిది ఏదో అన్నాడు. ఆమె దానికి రెండు అంది. ఫిట్టరు పేపరు మడిచి పక్కన పెట్టి, ఇద్దరిలో ఎవరు గెలుస్తారో అన్నట్టు ముందుకి వంగాడు. కూతురి గొంతు వీధి దాకా వినిపిస్తోంది. కళ్లు తేటగా ఉన్నాయి. కాళ్లు మామూలుగా, సన్నగా, కుర్చీ కింద కోపంతో ఊగుతున్నాయి.

పొద్దున పది కూడా కాలేదు. ఇంకా శనివారమంతా ఉంది, ఆదివారం సాయంత్రం దాకా ఉంది.

"ఇంతవరకూ ఏం రాశావు వదినా?" అన్నాడు మరిది, ఆ దాడిలోంచి తప్పించుకోవడానికి.

"ఏమీ రాయలేదయ్యా" అంది దుప్పట్లమ్మ, కూతురి మీదనుంచి చూపు తిప్పకుండా. "మీరు మాట్లాడుకోండి. వారం గడువుందిగా."